అమెరికా ‘అద్దెకు తీసుకున్న’ దీవా?

సందేహం: హిందూ మహాసముద్రంలో అమెరికా సైనిక స్థావరం ఉన్న డీగో గార్సియా దీవి గురించిన వార్తల్లో ఒకచోట ‘అమెరికా అద్దెకు తీసుకున్న దీవి’ అనీ, మరోచోట ‘మారిషస్ 99 ఏళ్లకు కౌలుకిచ్చిన దీవి’ అనీ చదివాను. అద్దె, కౌలు, లీజు మూడూ ఒకటేనా? ఏది రాయాలి?

సమాధానం: ఒకటి కావు. ఇంటికి, షాపుకి కట్టేది అద్దె. పొలానికి ఇచ్చేది కౌలు. సాగు చేసే మనిషి ఉంటేనే ఆ మాట అతుకుతుంది. యుద్ధవిమానాలు దిగే సైనిక స్థావరానికి కౌలేమిటి? లీజు అనండి, అందరికీ తెలిసిన మాటే.

‘అమెరికా అద్దెకు తీసుకుంది’ అనడంలో తప్పు భాషది కాదు, విషయానిది. మారిషస్‌కి స్వాతంత్ర్యం రాకముందే, 1965లో, బ్రిటన్ డీగో గార్సియా ఉన్న చాగోస్ దీవులను దాన్నుంచి విడదీసి, మారిషస్‌ చేతిలో 30 లక్షల పౌండ్లు పెట్టింది. మరుసటి ఏడాది వాటిని 50 ఏళ్లపాటు సైనిక అవసరాలకు వాడుకోమని అమెరికాకి ఇచ్చింది. ఎలాంటి రుసుమూ లేకుండా అని ఆ ఒప్పందంలోనే ఉంది. బదులుగా అమెరికా నుంచి కొంటున్న పోలారిస్ అణు క్షిపణుల ఖర్చులో బ్రిటన్‌కి 1.4 కోట్ల డాలర్ల దాకా రాయితీ దొరికింది, అదీ గుట్టుగా. కాబట్టి ‘బ్రిటన్ అమెరికాకి వాడుకోనిచ్చిన దీవి’ అనాలి.

లీజు అన్న మాట 2025 మే 22న సంతకాలైన ఒప్పందానికి సరిపోతుంది. దాని ప్రకారం సార్వభౌమాధికారం మారిషస్‌ది. డీగో గార్సియా మాత్రం 99 ఏళ్లు బ్రిటన్ చేతిలో ఉంటుంది, అందుకు ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు కట్టాలి. ఇచ్చేది మారిషస్, పుచ్చుకునేది బ్రిటన్. అమెరికా కాదు.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. స్థావరం కోసం ‘దీవిని ఖాళీ చేయించారు’ అని రాస్తున్నారు. ఖాళీ చేయించేది అద్దెకున్నవాళ్లను. చాగోస్ వాళ్లు తరతరాలుగా అక్కడి కొబ్బరితోటల్లో బతికినవాళ్లు. వైద్యానికని మారిషస్ వెళ్లినవాళ్లను తిరుగు ఓడ ఎక్కనివ్వలేదు. మిగిలినవాళ్ల పెంపుడు కుక్కలను చంపించి, 1973 కల్లా అందరినీ ఓడల్లో మారిషస్‌కీ సీషెల్స్‌కీ చేరవేశారు. కొందరు దీన్ని ‘తరలింపు’ అంటున్నారు. తుపాను వస్తుంటే మన తీరప్రాంతాల్లో ప్రాణాలు కాపాడటానికి చేసేది తరలింపు. చాగోస్‌లో శాశ్వత నివాసులే లేరనీ, ఉన్నది కాంట్రాక్టు కూలీలేననీ అప్పటి బ్రిటిష్ అధికారులు బయటికి చెప్పుకున్నారు. ‘ఖాళీ చేయించారు’ అంటే ఆ వాదనకి మనమూ వంతపాడినట్టే. ‘వెళ్లగొట్టారు’ అని రాయండి.