జయప్రకాశ్ రెడ్డి గారు విలన్‌గానూ కమెడియన్‌గానూ ఎలా మెప్పించగలిగారు?

విలన్‌గా అంత భయపెట్టిన మనిషి కామెడీలో అంత నవ్వించడం ఎలా కుదిరింది, దానికి నాటకానుభవమే కారణమా అని అడిగారు. గుంటూరులో పరిషత్తు నాటికలు, అంటే నాటక పోటీల్లో ఆడే చిన్న నాటకాలు, వేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా సమాధానం నాటకం వైపు కాస్త ఎక్కువే మొగ్గుతుంది, సర్దుకోండి.

ముందు ఒక విషయం. నాటకం బాగా వేస్తే సినిమా అవకాశం దానంతటదే వస్తుందనుకునేవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. రెడ్డి గారికి అలా రాలేదు. ఆయన పుట్టింది అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్ల, గుంటూరులో లెక్కల మాస్టారు. నల్గొండలో ఆయన నాటకం చూసిన దాసరి నారాయణరావు గారు రామానాయుడు గారికి చెబితే 1988లో 'బ్రహ్మపుత్రుడు'లో వేషం వచ్చింది. ఆ తర్వాత చిన్నాచితకా పాత్రలే. ఇల్లు గడవక మళ్లీ గుంటూరు వచ్చి పాఠాలు చెప్పుకున్నారు. విలన్‌గా పేరు తెచ్చిన 'ప్రేమించుకుందాం రా' 1997లో వచ్చేనాటికి ఆయనకు యాభై దాటాయి. ఆ వయసుకి మావాళ్లలో చాలామంది మేకప్ పెట్టె అటకెక్కించేసి ఉంటారు. ఆపైన 'సమరసింహారెడ్డి', 'జయం మనదేరా', ఆ రెండోదానికి నంది అవార్డు, అవన్నీ మీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి గొంతు. పరిషత్తు వేదిక మీద మైకులు పైనుంచి వేలాడుతుంటాయి. అవి మన మాట అందుకోవేమోనని టెన్షన్‌తో కొత్తవాళ్లు మొదటి సీను నుంచే అరుస్తారు. సగం నాటిక అయ్యేసరికి గొంతు బొంగురుపోతుంది. ఆరితేరినవాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో రిహార్సల్స్‌లోనే చూసుకుంటారు, వాక్యం చివరి మాటను మింగరు. రెడ్డి గారి సీమ డైలాగులు ఒకసారి కళ్లు మూసుకుని వినండి. ఎంత గట్టిగా గర్జించినా ఒక్క అక్షరం నలగదు. యాస పుట్టుకతో వచ్చిందే కావచ్చు, ఆ స్పష్టత మాత్రం వేదిక మీద సాధన చేసి తెచ్చుకున్నది.

కామెడీకి ఆయన వేరే గొంతు పెట్టుకోలేదు, అదే నాకు ఎక్కువ నచ్చింది. 'ఎవడి గోల వాడిది', 'రెడీ' లాంటివి చూస్తే అదే గొంతు, అదే సీరియస్‌నెస్. తాను నవ్వు పుట్టిస్తున్నానన్న సంగతి ఆ పాత్రకు తెలియదు. మా నాటికల్లో హాస్యం చెడేది సరిగ్గా అక్కడే. డైలాగ్ పేలిందనగానే నటుడు జనం వైపు చూసి తానే ముసిముసిగా నవ్వుతాడు. ఇంకేముంది, తర్వాతి డైలాగ్ చప్పబడుతుంది.

'అలెగ్జాండర్' ఆయన ఒక్కరే వేసే నాటకం, దాదాపు 100 నిమిషాలు. సినిమాల్లో అంత పేరు వచ్చాక కూడా దాన్ని వేస్తూనే ఉన్నారు. గుంటూరులో చూశాను. పక్క పాత్ర లేకపోతే నటుడికి పెద్ద ఇబ్బంది ఏమిటంటే, మాట మర్చిపోతే అందించేవాళ్లు ఉండరు, ఎదుటివాడు మాట్లాడుతుండగా ఊపిరి పీల్చుకునే వీలుండదు. ఆయన ఆ విరామాలను మౌనంతో నింపారు. జనం ఆ మౌనంలో కూడా కదల్లేదు. సినిమాలో చూసిన ఫ్యాక్షనిస్టు ఎక్కడా కనిపించలేదు. సినిమా దర్శకులు ఆయన చేత ఆ నాటకంలో లాంటి పాత్రలు కొన్ని వేయించుకోవాల్సిందని నా బాధ. సీమ రెడ్డి వేషం తగిలించుకున్న నటుడికి మనవాళ్లు వేరే చొక్కా తొడగరు.

2020 సెప్టెంబర్ 8న ఆయన గుంటూరులోనే పోయారు. అదే ఏడాది సంక్రాంతికి వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు'లో కూడా కనిపించారు.

మీరు నటన నేర్చుకుందామని అడిగి ఉంటే, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటికలు పడినప్పుడు వెళ్లి చివరి వరుసలో కూర్చోండి. ఎవరి చివరి మాట మీదాకా వస్తోందో, ఎవరిది రావడం లేదో గమనించండి. ముందు వరుసలో కూర్చుంటే ఆ తేడా తెలియదు.