మీ అమ్మానాన్నల బిజినెస్ క్లాస్ టికెట్ గురించి

మహబూబ్‌నగర్

అల్లుడా,

అమ్మానాన్నలను ఈసారి బిజినెస్ క్లాస్‌లో డాలస్‌కు పిలిపించుకుంటానని, రేటు చూస్తే కళ్లు తిరిగాయని మొన్న ఫోన్‌లో అన్నావు. ఒకప్పుడు కూడా ఇంతే ఉండేదా మామా అని అడిగావు. జవాబు మొదలుపెట్టేలోపే మీటింగ్ ఉందని పెట్టేశావు. అందుకే రాస్తున్నా. న్యూటౌన్‌లో ముప్పై ఏళ్లు టికెట్ల దుకాణం నడిపినవాణ్ని, ఈ ఒక్క విషయంలోనన్నా నా మాట విను.

రూపాయల్లో చూస్తే రేటు బాగా పెరిగింది. కానీ అందులో పెద్ద వాటా మన రూపాయిది. లెక్కకు 3,000 డాలర్ల టికెట్ అనుకో. 1990లో డాలర్ పదిహేడు రూపాయల చిల్లర, అంటే 52 వేలు. ఇప్పుడు డాలర్ 85 దాటింది, అదే టికెట్ రెండున్నర లక్షల పైమాట. విమానం కంపెనీ ఒక్క డాలర్ పెంచకపోయినా మనకు ఐదింతలైంది. జీతం డాలర్లలో తీసుకునే నీకు కళ్లు తిరగాల్సిన పనిలేదు, మీ నాన్నకైతే వేరే మాట.

అసలు బిజినెస్ క్లాస్ ఎట్లా పుట్టిందో తెలిస్తే ఈ రేట్ల తమాషా అర్థమవుతుంది. ఒకప్పుడు దేశాల మధ్య టికెట్ ధరలు కంపెనీలన్నీ కూర్చుని ఖాయం చేసుకునేవి. 1978లో అమెరికా తమ దేశంలోపలి రేట్ల మీద సర్కారు పట్టు వదిలేసింది. అప్పటికే డిస్కౌంట్ టికెట్లు వస్తున్నాయి, ఇక వరదే. ఆఫీసు పని మీద పూర్తి ధర పెట్టి పోయేవాళ్లు, పక్క సీటువాడు సగానికే వచ్చాడని గొణగడం మొదలుపెట్టారు. వాళ్లను చల్లబరచడానికి ఆ రోజుల్లోనే విమానంలో ఒక భాగాన్ని వేరుచేసి దానికి బిజినెస్ అని పేరు పెట్టారు. మొదట్లో అక్కడ పెద్ద సుఖమేం లేదు. పూర్తిగా పరుచుకునే మంచం లాంటి సీటు బిజినెస్‌లోకి వచ్చింది 2000లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ పెట్టింది. కాబట్టి ఇప్పటి బిజినెస్ రేటును 1980ల నాటి బిజినెస్‌తో పోల్చకు, ఆనాటి ఫస్ట్ క్లాస్‌తో పోల్చు. ఆ ఫస్ట్ క్లాస్‌లో కూడా ఇట్లా కాళ్లు చాపి పడుకున్నవాళ్లు తక్కువే.

ఇంకో మార్పు, నీ జేబుకు సంబంధించింది. మొదట్లో బిజినెస్‌లో ఇన్ని రేట్లు ఉండేవి కావు. ఇప్పుడు ఒక్క బిజినెస్‌లోనే నాలుగైదు రేట్లుంటాయి, ఒక్కోదానికి ఇంగ్లీషు అక్షరం ఒకటి. చాలా కంపెనీల్లో జె అంటే పూర్తి ధర, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఐ, జెడ్ లాంటివి తక్కువ ధర, మార్చాలంటే కోత. ఒకే వరసలో కూర్చున్న ఇద్దరి మధ్య లక్ష రూపాయల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. బాదేపల్లి మార్కెట్‌లో పల్లికాయకు పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు పలికినట్టే. అక్కడైతే కనీసం వేలం పాట చెవికి వినిపిస్తుంది. తక్కువ రేటు చూసి మురిసిపోకుండా అక్షరం చూడు. మీ నాన్న సంగతి తెలుసు కదా, వానలు పడ్డాయి, విత్తనం పెట్టాలి అని తారీఖు మార్చమంటాడు. మార్పు ఉచితమో కాదో ముందే చదువు.

ఇక అసలు సలహా. దారి మొత్తానికీ బిజినెస్ కొనకు. హైదరాబాద్ నుంచి దోహాకో దుబాయ్‌కో నాలుగు గంటలు, మనం పండక్కి ఊరికి పోయే బస్సులో అంతకంటే ఎక్కువసేపు కూర్చుంటాం. అక్కడి నుంచి డాలస్‌కు దాదాపు 16 గంటలు. చెల్లె మోకాళ్లకు మంచం కావాల్సింది అక్కడ. వట్టి ఆ ముక్కకే బిజినెస్ ఇస్తారా, ఇస్తే ఎంత తగ్గుతుందో అడుగు. కొన్నిసార్లు పెద్దగా తగ్గదు, అప్పుడు మొత్తం తీసుకో. డబ్బు ఒకవైపుకే సరిపోతే పోయేటప్పటికి పెట్టు, దిగాక ఇమిగ్రేషన్ లైనులో నిలబడాలి కాబట్టి. పోయేది బిజినెస్, వచ్చేది ఎకానమీ అని ఒకే టికెట్‌లో అడుగు. విడివిడిగా రెండు టికెట్లు కొంటే చాలాసార్లు ఎక్కువ పడుతుంది.

దీన్ని తిరగేసి నేను మోసపోయాను. బిడ్డ దగ్గరికి మీ అత్తమ్మతో పోయినప్పుడు, ఒక వెబ్‌సైట్‌లో బిజినెస్ అని కనిపించింది, రేటు సగమే. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ని, కిందికి చదవకుండా కొన్నా. తీరా చూస్తే నాలుగు గంటల ముక్క బిజినెస్, పెద్ద ముక్క ఎకానమీ. మీ అత్తమ్మ ఇప్పటికీ చుట్టాల ముందు ఆ కథ చెబుతుంది. నువ్వు ప్రతి ముక్క ఎదుట ఏ క్లాస్ రాసి ఉందో విప్పి చూడు. విమానం రకం, సీట్ల పటం కూడా చూడు. మధ్యలో ముగ్గురిని పక్కపక్కన కూర్చోబెట్టే పాత బిజినెస్ ఇంకా కొన్ని విమానాల్లో ఉంది. మీ అమ్మ ఆ నడిమి సీట్లో ఇరుక్కుంటే రెండు లక్షలూ దండగ.

పన్ను సంగతి. ఇక్కడి నుంచి మొదలయ్యే టికెట్ మీద బిజినెస్‌కు జీఎస్టీ 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. ఎకానమీకి 5 శాతమే. మూడు లక్షల మీద పన్నే 54 వేలు. వెబ్‌సైట్‌లో మొదట కనిపించే అంకెలో ఇది కలిసిందో లేదో చూసుకో.

కొన్నాక మనసు మారితే కంగారు వద్దు. అమెరికాకు పోయే టికెట్‌ను ప్రయాణానికి కనీసం వారం ముందు, నేరుగా కంపెనీ దగ్గరే కొంటే, 24 గంటల్లో రద్దు చేసుకున్నా డబ్బు మొత్తం తిరిగి ఇవ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ రేటు ఒకరోజు ఆపి ఉంచాలి. అక్కడి రూలు అది. ఏజెంట్ దగ్గర కొంటే ఆ హామీ లేదు. ఏజెంట్‌గా బతికిన నేనే చెబుతున్నా.

వీల్‌చెయిర్ కోసం బిజినెస్ కొంటున్నావా అన్నది కూడా ఆలోచించు. ఎకానమీ వాళ్లకూ అది అడిగితే ఇస్తారు, బుక్ చేసేటప్పుడే రాయించు.

రెండు మూడు రేట్లు చూసి రేపు సాయంత్రానికి వాట్సాప్‌లో పెట్టు. ఆ అక్షరం కనబడేట్టు స్క్రీన్‌షాట్ తియ్యి, పోయినసారిలాగా సగం కోసి పంపకు.

మీ మామ