వి8 ఇంజన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ అడుగున ఆయిల్ చిమ్మకుండా ఏం చేయాలి?

ప్రశ్న: అనంతపురంలో నా జీపుకు పాత వి8 ఇంజన్ పెట్టించి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) మార్చి అల్యూమినియంది వేయించాను. విప్పి చూస్తే అడుగంతా మాడిన ఆయిల్. ఎందుకని?

జవాబు: వి8లో ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో రెండు వరుసలుగా ఉంటాయి. ఆ వరుసల మధ్య పల్లంలో లిఫ్టర్లు (వాల్వ్‌లను తెరిచే పుష్‌రాడ్ అనే కడ్డీలను పైకి నెట్టేవి), వాటి కింద వాటిని కదిపే క్యామ్‌షాఫ్ట్ ఉంటాయి. అక్కడి వేడి ఆయిల్ ఎగిరి మానిఫోల్డ్‌కు కొడుతుంది. దాంతో లోపలికి పోయే గాలి వేడెక్కి పల్చబడుతుంది, పికప్ తగ్గుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కంపెనీ మానిఫోల్డ్‌లలో చాలావాటికి ఆయిల్ తగలకుండా అడుగున రేకు ఉంటుంది. విడిగా కొన్నవాటికి తరచూ ఉండదు.

పల్చటి రేకు కోయించి, మానిఫోల్డ్‌కు కాస్త సందు వదిలి బిగించండి. వేడిని ఆపేది ఆ సందే. రేకు పుష్‌రాడ్‌లకు తగలకూడదు. స్క్రూ రంధ్రం మానిఫోల్డ్ గోడను తొలిచి గాలి దారిలోకి పోకూడదు. నాకు అన్నిటికన్నా భయం స్క్రూలంటేనే. ఒక్కటి ఊడి లిఫ్టర్ల మధ్య పడితే ఇంజన్ పోయినట్టే. అందుకే లాకింగ్ గమ్ పూసి బిగించి, పంచ్‌తో స్క్రూ అంచు నొక్కించండి.

పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది) కూడా ఆ పల్లం పైనే ఉంటే, దాని కిందా అడ్డురేకు ఉండాలి. లేదంటే ఆయిల్ నేరుగా ఇన్‌టేక్‌లోకి పోయి సైలెన్సర్ నీలం పొగ కక్కుతుంది.