హెర్ట్జ్ పెంచితే చమురు తగ్గిందేం?

ప్రశ్న: కువైట్‌లో చమురు బావుల మీద ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ఒక బావిలో ఈఎస్‌పీ పంపు (బావి లోపల మోటారుతో సహా మునిగి ఉండే కరెంటు పంపు) 50 హెర్ట్జ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ, ఇది పెంచితే పంపు వేగం పెరుగుతుంది) దగ్గర రోజుకు 2,000 బ్యారెళ్లు ఇచ్చేది. మోటారు 40 ఆంప్స్ తీసుకునేది. 55కి పెంచాక ఇన్‌టేక్ ప్రెషర్ (పంపులోకి ద్రవం వెళ్లే చోట ఒత్తిడి) 900 పీఎస్ఐ నుంచి 620కి పడిపోయింది. ఆంప్స్ 30కీ 46కీ మధ్య ఊగుతున్నాయి. రోజుకు రెండు మూడుసార్లు అండర్‌లోడ్ ట్రిప్ (లోడు మరీ తగ్గితే మోటారు దానంతటదే ఆగిపోవడం). ఉత్పత్తి 1,800కి దిగింది. బబుల్ పాయింట్ (చమురులో కరిగిన గ్యాస్ విడివడటం మొదలయ్యే ఒత్తిడి) 1,400 పీఎస్ఐ. అండర్‌లోడ్ సెట్టింగ్ తగ్గించవచ్చా?

జవాబు: వద్దండి. ఇప్పుడు మీ మోటారును కాపాడుతున్నది ఆ ట్రిప్పే. పంపులో గ్యాస్ నిండి ద్రవం కదలకపోతే మోటారు పక్కనుంచి పారే చమురూ ఆగుతుంది, చల్లబరిచేది ఇంకేమీ ఉండదు. పారుదల సెకనుకు కనీసం ఒక అడుగు ఉండాలని ఈ పనిలో లెక్క.

50 నుంచి 55కి వెళ్తే కాగితం మీద పారుదల 1.1 రెట్లు, హెడ్ (పంపు ద్రవాన్ని ఎత్తగల ఎత్తు) 1.21 రెట్లు, పవర్ 1.33 రెట్లు అవుతాయి. ఆంప్స్ 48 దగ్గర నిలకడగా ఉండాల్సింది. 30కి జారుతున్నాయంటే పంపు స్టేజీల్లోకి (ద్రవాన్ని పైకి తోసే తిరిగే చక్రాల వరసల్లోకి) గ్యాస్ వస్తోంది. 900 దగ్గరే బబుల్ పాయింట్ కంటే కింద ఉన్నారు, 620కి దిగేసరికి విడివడిన గ్యాస్ మరీ ఎక్కువైంది. అంత ద్రవం ఇచ్చే శక్తి ఆ బావికి లేదు, పంపును తప్పుపట్టి లాభం లేదు.

ముందు కేసింగ్ (బావి గోడకు దించిన బయటి గొట్టం) గేజ్ చూడండి, చాలామంది వదిలేసేది ఇదే. అక్కడ 450 ఉంటే, గ్యాస్ బరువు పక్కన పెడితే, 620లో ద్రవం వాటా 170 పీఎస్ఐ మాత్రమే. అడుగుకు 0.35 పీఎస్ఐ చొప్పున పంపు మీద ఉన్నది సుమారు 500 అడుగులు, అదీ నురగతో కలిపి. కేసింగ్ నుంచి ఫ్లోలైన్‌కి (చమురును బావి నుంచి తీసుకెళ్లే పైపుకి) వెళ్లే చెక్ వాల్వ్ (ఒకవైపే పారనిచ్చే వాల్వ్) బిగుసుకుపోయిందేమో చూసి గ్యాస్‌ను నెమ్మదిగా లైన్‌లోకి వదలండి. ఒక్కసారిగా తెరిస్తే ఉన్న ద్రవమూ పొంగి నురగవుతుంది.

తర్వాత 52కి దించి, ఇన్‌టేక్ ప్రెషర్ నిలకడపడ్డాక సెపరేటర్‌లో (చమురు, గ్యాస్, నీరు వేరుచేసే ట్యాంకులో) పెట్టి రోజుకు ఎంత వస్తోందో టెస్ట్ చేయండి. ఆపైన ఒక్కో హెర్ట్జ్ చొప్పున పెంచండి. ఆంప్స్ ఊగడం మొదలైన చోటు నుంచి ఒక మెట్టు వెనక్కి రండి. చోక్ (బావి పైన పారుదలను తగ్గించే వాల్వ్) కొంచెం మూసినా ఇన్‌టేక్ ప్రెషర్ పెరుగుతుంది, కానీ పారుదల పంపు కర్వ్‌లోని కనిష్ఠ గీత దాటి తగ్గితే డౌన్‌థ్రస్ట్‌తో (చక్రాలు కిందికి నొక్కుకోవడంతో) వాషర్లు అరుగుతాయి.

ట్రిప్ అయ్యాక వెంటనే స్టార్ట్ నొక్కకండి. ట్యూబింగ్‌లో (చమురు పైకి వచ్చే గొట్టంలో) చెక్ వాల్వ్ లేకపోతే ద్రవం కిందికి జారుతూ పంపును వెనక్కి తిప్పుతుంది. అప్పుడు కరెంటిస్తే షాఫ్ట్ విరగవచ్చు. కనీసం అరగంట ఆగండి. గ్యాస్ సెపరేటర్ వేయించుకోవడం తర్వాతి వర్క్ఓవర్ (పంపును పైకి లాగి చేసే బావి మరమ్మతు) మాట.

ప్రశ్న: మా పొలం బోరు మోటారుకూ దీనికీ తేడా ఏమిటి? కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు.

జవాబు: రెంటిలోనూ మోటారు కిందే ఉంటుంది. బోరు మోటారులో సాధారణంగా నీళ్లు నింపుతారు, దీనిలో కరెంటు పారనివ్వని నూనె. మోటారుకూ పంపుకూ మధ్య ప్రొటెక్టర్ అనే భాగం అదనం. పంపు తోపుడును భరించేది, బావి నీరు మోటారులోకి పోకుండా ఆపేది అదే. దాని సీళ్లు పోతే వైండింగ్ షార్టవుతుంది, మొత్తం ట్యూబింగ్ పైకి లాగాల్సిందే.