గింజ తీసిన తేదీలు

సందేహం: ఫోన్‌లో ఇంటి సరుకులు ఆర్డర్ పెడుతుంటే తెలుగులో "గింజ తీసిన తేదీలు, 500 గ్రాములు" అని కనిపించింది. ఫొటో చూస్తేగాని అవి ఖర్జూరాలని తెలియలేదు. పండుకీ రోజుకీ ఇంగ్లీషులో ఒకటే మాట ఎందుకని మా అబ్బాయి అడిగాడు. ఈ రెండు డేట్‌లకీ చుట్టరికం ఏమైనా ఉందా? అలాగే తేదీ అనాలా, తారీఖు అనాలా? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, గింజ తీసిన తేదీలంటే నాకు ముందు తోచింది సెలవులు తీసేసిన క్యాలెండరు! ఆ అనువాదం మనిషి చేసి ఉండడు. మనిషే చేసి ఉంటే వాడి చేత ఒక ఖర్జూరం తినిపించి, ఏం తిన్నావో చెప్పమనాలి.

చుట్టరికం లేదు. రెండూ వేరువేరు ఇళ్లలో పుట్టి, ఫ్రెంచి దారిలో నడిచి నడిచి ఒకేలా అరిగిపోయిన మాటలు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ పండు పేరులో టీ అక్షరం రెండుసార్లు రాసి తేడా నిలుపుకున్నారు, ఇంగ్లీషువాళ్లు ఆ శ్రమ కూడా పడలేదు. అయితే వాళ్లని చూసి నవ్వే ముందు మన ఈతని చూసుకోవాలి. ఈతచెట్టు ఖర్జూరానికి వరసకు చెల్లెలే. కానీ చెరువులో కొట్టేదీ ఈతే, సంతలో గేదెని బేరమాడుతూ "ఎన్నో ఈత?" అని అడిగేదీ ఈతే. మనకి అందులో ఏ తికమకా లేదు. అదే యంత్రానికి ఈతపండు అప్పజెప్పి చూడండి, స్విమ్మింగ్ పూల్‌లో పడేస్తుంది.

పండు సంగతి త్వరగా చెప్పేస్తాను. గ్రీకులో దాక్తులోస్ అంటే వేలు. ఖర్జూరం వేలిలా ఉంటుందని ఆ పేరు పెట్టారంటారు. అరబ్బీ, హీబ్రూ భాషల్లో ఖర్జూరానికి దకల్, దెకెల్ లాంటి మాటలున్నాయి కాబట్టి, గ్రీకులు ఆ మాటే విని తమకి తెలిసిన వేలిని అందులో దూర్చారని మరికొందరి వాదన. మనం హాస్పిటల్‌ని ఆసుపత్రి చేసి అందులోకి కాస్త పత్రి తెచ్చుకోలేదూ, అలాగన్నమాట. ఏదైతేనేం, ఆ చెట్టు శాస్త్రీయనామం ఫీనిక్స్ డాక్టిలిఫెరా. అంటే వేళ్లు మోసేది అని.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. గ్రీకు ఛందస్సులో ఒక గణం పేరు కూడా ఈ వేలే. మీ చూపుడు వేలు చూసుకోండి: అరచేతి వైపు భాగం పొడుగు, పైన రెండూ పొట్టి. ఒక గురువు, రెండు లఘువులు. మన భగణం! హోమర్ ఇలియడ్ ప్రధానంగా ఈ గణం నడక మీదే సాగింది. మన ఉత్పలమాల ఎత్తుకునేదీ భగణంతోనే, మళ్లీ నాలుగు, ఐదు స్థానాల్లో అదే వస్తుంది. తమాషా ఏమిటంటే మన "వేలెడు" అనే మాట గణవిభజన చేస్తే అదీ భగణమే. దీనికి అర్థమేమీ లేదు, ఊరికే సంతోషం.

అసలు మాట రెండో డేటు. రోమన్లు ఉత్తరం రాసి మనిషి చేతికిచ్చేటప్పుడు చివర "దత" అని రాసి ఊరి పేరు, రోజు వేసేవారు. "ఇచ్చినది, రోమ్‌లో, ఫలానా రోజున" అని. ఉత్తరం లాటిన్‌లో స్త్రీలింగం కాబట్టి దత. ఆ "ఇచ్చినది" పక్కన రోజు ఉండి ఉండి, చివరికి రోజుకే ఆ పేరు అంటుకుంది. స్పెయిన్‌వాళ్లు ఇదే పనికి "చేసినది" అనే మాట వాడుకున్నారు, వాళ్ల ఫేచా అక్కణ్ణుంచి వచ్చింది.

దత అనగానే మీ చెవికి ఏదో తగిలి ఉండాలి. మన దత్తమే! సంస్కృతంలో దా ధాతువు, లాటిన్‌లో దారే, రెండూ ఒక తల్లి పిల్లలు. దానం, దాత, దత్తత ఇటువైపు. డేటా, డొనేషన్ అటువైపు. డాక్టరు రాసే డోసు కూడా గ్రీకులో "ఇవ్వడం" నుంచి వచ్చిందే. డేటాని మన లెక్కల పుస్తకాల్లో దత్తాంశం అన్నారు చూడండి, ఆ మాట పుట్టించినవారికి దణ్ణం పెట్టాలి. అర్థమూ కుదిరింది, ధాతువూ కుదిరింది. పదో తరగతి పిల్లలు దాన్ని చూసి టెన్షన్ పడతారని తీసేయమనేవాళ్లున్నారు. డేటా అంటే ఏమిటో వాళ్లకి తెలిసినట్టు!

ఇంకా దగ్గరి చుట్టం మా ఇంట్లోనే ఉంది. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో పాత క్రయదస్తావేజు ఒకటుంది, స్టాంపు కాగితం మడతల దగ్గర చిరిగింది, సిరా గోధుమరంగుకి తిరిగింది. అది ఇలా మొదలవుతుంది: ఫలానా సంవత్సరం, ఫలానా నెల, ఫలానా తేదీన, ఫలానావారికి, ఫలానావారు "వ్రాయించి యిచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు యేమనగా". లాటిన్ ముక్క తెలియని ఊరి లేఖరి, రోమన్లు పెట్టిన రెండింటినీ, తేదీనీ ఇవ్వడాన్నీ, ఒకే వాక్యంలో పెట్టాడు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం శాసనాలు చూసినా అంతే: శకవర్షం ఇంత అని మొదలుపెట్టి, అఖండదీపానికి ఎవరు ఏమిచ్చారో చెబుతాయి. దానశాసనాల చివర వచ్చే "స్వదత్తాం పరదత్తాం వా" శ్లోకంలో ఉన్నదీ ఆ దత్తమే. తాను ఇచ్చినదైనా, ఇంకొకరు ఇచ్చినదైనా లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని శాపం. రిజిస్ట్రేషన్ చట్టంలో ఇంత గట్టి సెక్షను లేదు.

పనిలో పని, ఆ లేఖరి "వ్రాయించి ఇవ్వబడిన" అనలేదు, గమనించారా? "ఇచ్చిన దస్తావేజు" అంటే దస్తావేజే లేచి ఏదో ఇచ్చిందని ఎవరూ అనుకోరు. తెలుగుకి ఆ సౌకర్యం పుట్టుకతో ఉంది. ఇప్పుడు ఏ నోటీసు చూసినా ఇవ్వబడును, తీసుకోబడును, మూసివేయబడును. ఇన్ని "బడు"లు ఎందుకో, పంతులు లేని బడుల్లా!

ఇక తేదీ, తారీఖు. తారీఖు అరబ్బీ నుంచి వచ్చింది, ఆ భాషలో చరిత్ర అన్నా అదే మాట. తెలంగాణలో "ఇయ్యాల ఎన్నో తారీకు?" అని ఎంత హాయిగా అంటారో, దాన్ని దిద్దబోవడం తప్పు. తమిళుల తేది మన తిథి రూపమేనంటారు, మన తేదీదీ అదే దారి అని నా నమ్మకం. అలాగని తిథి, తేదీ ఒకటి కావు. తిథి చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, తేదీ జీతాన్ని బట్టి. ఏదో ఒకటి పట్టుకుంటే చాలు, "డేట్ ఆఫ్ బర్త్ తేదీ" అని దరఖాస్తులో అడిగేవాళ్లతోనే నా పేచీ. "15వ తేదీ" అనాలా "15 తేదీ" అనాలా అని మీరు అడగలేదు గానీ, నేను మొదటిదే రాస్తాను, రెండోది తప్పని మాత్రం గట్టిగా అనను.

పండుని ఖర్జూరం అనండి. ప్యాకెట్ మీద "డేట్స్" అని ఉన్నా కొట్లో ఖర్జూరమనే అడగండి, ఇస్తారు. పెళ్లి తాంబూలంలో ఎండు ఖర్జూరాలు పెడతారుగానీ ఎండు డేట్స్ పెట్టారని నేనింతవరకు వినలేదు. రేపటి మాట ఏమో.

కుర్రకారు వెళ్లే డేటు ఇంకోటుంది. అది ఈ రెండోదాని పిల్లే, ఫలానా రోజున కలుద్దామనుకోవడం నుంచి అమెరికాలో పుట్టింది. అంతకు మించి కావాలంటే మీ అబ్బాయినే అడగండి.