తాతయ్య గ్లాసు రాయి కాదట, నకిలీయేనా?

ప్రశ్న: మేడమ్, మా తాతయ్య విశాఖ పోర్టులో పనిచేసేవారు. ఆయన ట్రంకుపెట్టెలో అరచేతిలో ఇమిడే చిన్న గ్లాసు ఒకటి ఉంది. ఇటుకరంగు మీద గోధుమ, ఆకుపచ్చ చారలు, చుట్టూ పలకలుగా చెక్కి ఉంది. ఇన్నేళ్లూ అగేట్ అనే చారల రాయి అనుకున్నాం. పూర్ణా మార్కెట్ వైపు ఒక షాపులో చూపిస్తే "ఉత్త గాజు, నకిలీ" అనేశారు. అమ్మ చాలా బాధపడుతోంది. ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు అమ్మగారిని టెన్షన్ పడొద్దనండి. గాజు అన్న మాట నిజమే అనిపిస్తోంది, ఎందుకంటే అంచు దగ్గర పెచ్చు లేచిన చోట లోపలంతా ఒకటే రంగు, చారలు పైపైనే ఆగిపోయాయి, అదే అగేట్ అయితే చార రాయి లోపలికంటా పోతుంది. కానీ నకిలీ అనడం మాత్రం నేను ఒప్పుకోను.

రాయిలా కనిపించే గాజు చేయడం ఐరోపాలో పెద్ద విద్య. వెనిస్ వాళ్లు 15వ శతాబ్దం చివరికే చారల రాయిని పోలిన గాజు చేశారు, దాని వెనక దీపం పెడితే ఎర్రగా వెలుగుతుంది. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలో 1817లో కౌంట్ బుకోయ్ కార్ఖానా నల్లరాయి లాంటి హయలిత్ గాజు తెచ్చింది. అదే బొహీమియాలో ఫ్రీడ్రిష్ ఎగర్‌మాన్ (1777-1864) అనే ఆయన 1820ల చివర లిథ్యాలిన్ అనే రాయిలాంటి గాజు తయారుచేశాడు. అవతలి వైపు కనిపించని రంగు గాజు మీద లోహాల ఆక్సైడ్ల పూత పూసి, బట్టీలో కాల్చి, పలకలు చెక్కేవారు. ఆ పలకల మీద చారలు తెగి, మలుపు తిరిగి, అచ్చం సానపట్టిన రాయిలా ఉంటాయి. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి! మీ గ్లాసు చూడగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

అయితే లిథ్యాలిన్‌ను ఇతర కార్ఖానాలూ చేశాయి, చాలావాటి మీద సంతకం ఉండదు, కాబట్టి ఫొటో చూసి ఎగర్‌మాన్‌దే అని చెప్పేయను. భూతద్దంతో గాలి బుడగలు వెతకండి, కనిపిస్తే గాజే. బరువు చూసి తేల్చలేం, రెండూ ఇంచుమించు ఒకటే. చాకుతో గీసి మాత్రం చూడొద్దు!

ఇత్తడి సామానులా చింతపండుతో తోమకండి, అంచున బంగారు గీత ఉంటే పోతుంది. మరిగే నీళ్లూ వద్దు. బీచ్ గాలికి జిగురు పడితే గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తటి బట్టతో తుడిచి, ఆరబెట్టి, అద్దాల బీరువాలో పెట్టండి.

అడుగుభాగం ఫొటో, ఎత్తు కొలత పంపండి, ఇంకొంచెం చెప్పగలను.