నిశ్చితార్థం ఫోటోలు రా ఫైళ్లలో తీయాలా, జేపెగ్‌లో తీయాలా?

కొత్తగా కెమెరా కొన్నానని, వచ్చే నెలలో విశాఖపట్నంలోనే చెల్లెలి నిశ్చితార్థం ఉందని, చేతిలో 64 జీబీ కార్డు ఒక్కటే ఉందని, రా ఫైళ్లలో తీయాలో జేపెగ్‌లో తీయాలో తేల్చుకోలేకపోతున్నానని మీరు రాశారు. జేపెగ్ అంటే కెమెరాయే రంగులు సరిచేసి, కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైలు. రా అంటే అలా సరిచేయకముందు కెమెరా తీసుకున్న కొలతలు ఉన్న ఫైలు. నేను వృత్తిరీత్యా ఫోటోగ్రాఫర్‌ను కాను. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో సముద్రతీరంలోనూ బంధువుల ఇళ్లలో జరిగే శుభకార్యాల్లోనూ 12 ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. నిశ్చితార్థానికి మాత్రం రెండూ కలిపి తీయమని నా సలహా. అలా ఎందుకు చెబుతున్నానో మీకు అర్థం కావాలంటే, నేను పోగొట్టుకున్న ఒక రాత్రి గురించి చెప్పాలి.

మా పిన్నిగారి అమ్మాయి పెళ్లికి నేనే ఫోటోలు తీశాను. పెళ్లికూతురిని చేసే వేడుక పొద్దున ఇంటి ముందు ఎండలో జరిగింది కాబట్టి కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను, అంటే ఏ వెలుగులోనైనా తెలుపు తెల్లగానే కనబడేలా రంగులను సరిచేసే అమరికను, ఎండకు తగినట్టు పెట్టుకున్నాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. కల్యాణమండపంలో పసుపుపచ్చని బల్బులు వెలుగుతున్నాయి. హడావిడిలో ఆ అమరిక మార్చడం మరిచిపోయాను. కార్డులోకి జేపెగ్ ఫైళ్లు మాత్రమే వెళ్తున్నాయి. జీలకర్ర బెల్లం దగ్గర నుంచి తలంబ్రాల దాకా తీసిన ప్రతి ఫోటోలోనూ తెల్లని మధుపర్కాలు నారింజరంగుకు తిరిగాయి. ఇంటికి వచ్చి సరిచేద్దామని కూర్చుంటే, ముఖాల మీద ఎరుపు విలువ అప్పటికే గరిష్ఠమైన 255కు చేరి ఆగిపోయింది, నీలం విలువ దాదాపు సున్నా దగ్గర ఉంది. నీలాన్ని పైకి లాగితే చర్మం బూడిదరంగులోకి దిగింది, మధుపర్కాల మడతల్లో రంగు మెట్లుమెట్లుగా విడిపోయింది, జడల నలుపులో చిన్నచిన్న చదరాలు బయటపడ్డాయి. చివరికి ఆ ఫోటోలను నలుపు తెలుపులోకి మార్చి ఇచ్చాను. పిన్ని ఏమీ అనలేదు కానీ, ఆ మధుపర్కాల ఎర్ర అంచు ఎవరి ఆల్బమ్‌లోనూ లేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ చదరాలు ఎక్కడి నుంచి వచ్చాయో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ పద్ధతి చిత్రాన్ని 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు ఉన్న గడులుగా విడదీసి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాన్ని తగ్గించి నిల్వ చేస్తుంది. వెలుగునీడల తేడాను పట్టినంత బాగా రంగుల తేడాను మన కన్ను పట్టదు కాబట్టి, రంగు సమాచారాన్ని మరింత పలుచగా ఉంచడమూ మామూలే. ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. ఉన్న ఫోటోను ఉన్నట్టు చూసేవారికి ఇవన్నీ ఏమాత్రం తెలియవు, అందుకే ఇన్నేళ్లుగా ఆ పద్ధతి నిలిచింది. తీసేసిన వివరం మళ్లీ కావలసి వచ్చినప్పుడే, అంటే మనం రంగునో వెలుగునో గట్టిగా జరపబోయినప్పుడే, లోటు కనబడుతుంది.

రా ఫైలులో ఉండేది సెన్సర్, అంటే కెమెరాలో వెలుగును పట్టే పలక, కొలిచిన లెక్క. సెన్సర్ మీద ప్రతి పిక్సెల్‌కూ ఏదో ఒక రంగు వెలుగును మాత్రమే లోపలికి వదిలే పొర ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుతో 1976లో పేటెంటు పొందిన అమరికలో సగం పిక్సెళ్లకు ఆకుపచ్చ, పాతిక వంతుకు ఎరుపు, మిగతా పాతిక వంతుకు నీలం పొరలు ఉంటాయి, నేటికీ చాలా కెమెరాలు దానినే వాడుతున్నాయి. ఆ కొలతలు 12 బిట్లలో అయితే 4,096 మెట్లుగా, 14 బిట్లలో అయితే 16,384 మెట్లుగా నమోదవుతాయి. జేపెగ్ కావాలంటే కెమెరాయే అప్పటికప్పుడు ఈ కొలతల నుంచి పూర్తి రంగులు అల్లి, వైట్ బ్యాలెన్స్ వేసి, కాంట్రాస్టు పెంచి, అంచులు పదును చేసి, మిగిలిన కొలతలను పారేస్తుంది. రా ఫైలులో వైట్ బ్యాలెన్స్ ఒక చీటీలాగా పక్కన ఉంటుందే తప్ప కొలతలను తాకదు. నా కెమెరా ఆ రాత్రి రా ఫైళ్లు కూడా రాసి ఉంటే, కంప్యూటరులో మధుపర్కం మీద ఒక్క నొక్కుతో ఆ తెలుపు తిరిగి వచ్చేది.

జాకెట్టు కుట్టేటప్పుడు తర్వాత వదులు చేసుకోవడానికి లోపల కాస్త గుడ్డ వదలమని మన ఇళ్లలో దర్జీకి చెబుతారు కదా, రా ఫైలు అలా గుడ్డ వదిలి కుట్టినది. జేపెగ్ కొలతకు సరిగ్గా కత్తిరించి అంచు కుట్టేసినది. కొలత సరిగ్గా కుదిరినప్పుడు రెండింటికీ పైకి తేడా ఉండదు.

అసలు గుడ్డే చాలకపోతే మాత్రం ఏ దర్జీ చేయగలిగిందీ లేదు. దీన్ని నేను ఫిషింగ్ హార్బర్‌లో నేర్చుకున్నాను. మన ఊళ్లో సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు, వేట ముగించుకుని వచ్చిన బోట్లు ఆ వెలుగుకు అడ్డంగా నిలబడతాయి. రాలో తీస్తున్నాను కదా, అన్నీ తర్వాత చూసుకోవచ్చన్న ధైర్యంతో, చేపలు దించుతున్న మనుషుల ముఖాలు బాగా కనబడేలా ఎక్స్‌పోజర్ (సెన్సర్ మీద పడనిచ్చే వెలుగు) పెంచి తీశాను. ముఖాలు వచ్చాయి. సూర్యుడి చుట్టూ ఉన్న ఆకాశం మాత్రం మూడు రంగుల్లోనూ నిండిపోయి తెల్లని రంధ్రంలా మిగిలింది, ఎంత తగ్గించినా అది బూడిదరంగు మచ్చగా మారిందే తప్ప అందులోంచి మేఘం రాలేదు. మరుసటి ఆదివారం ఆకాశానికి సరిపడేలా తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి, నీడలను తర్వాత పైకి తెచ్చాను. బోటు పక్కన రాసిన అంకెలు, వలల నీలం కూడా దక్కాయి. నీడల్లో పడే వెలుగే తక్కువ కాబట్టి అక్కడ కాస్త గరుకు వచ్చిన మాట నిజమే. సెన్సర్ వెలుగును నేరుగా లెక్కిస్తుంది కాబట్టి 14 బిట్లలో అత్యంత ప్రకాశవంతమైన ఒక్క స్టాపుకే (వెలుగు సగమయ్యే ఒక్కో అంచెను స్టాపు అంటారు) 8,192 మెట్లు పోతాయి, దాని కింది స్టాపుకు 4,096, ఇంకా కిందికి వెళ్లేకొద్దీ ప్రతి స్టాపుకూ సగం సగం. అడుగున మిగిలేవి కొద్ది మెట్లే. అయినా జేపెగ్ నీడలను అంతగా లేపితే నిలవవు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇంకో సంగతి తెలిసింది. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడ్ వల్ల వచ్చిన ఆ ఎరుపు మీద సాయంకాలపు వెలుగు పడితే, మొత్తం ఎక్స్‌పోజర్ సరిగ్గానే కనబడుతున్నా ఎరుపు చానెల్, అంటే ఎరుపు విలువ, ఒక్కటే గరిష్ఠానికి చేరి నిండిపోతుంది. అప్పుడు వాన కోసిన గాడులూ గీతలూ అన్నీ ఒకే ఎర్రముద్దగా కలిసిపోతాయి. ఒకే ఫ్రేమును రెండు విధాలా తీసి పోల్చాను: జేపెగ్‌లో ఆ గోడ చదునుగా ఉంది, రాలో దాని పొరలు ఒక్కొక్కటీ విడిగా ఉన్నాయి. కెమెరా వెనుక తెర మీద మీరు చూసే బొమ్మ, హిస్టోగ్రామ్ (ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూపే పటం) జేపెగ్‌ను బట్టి చూపేవే గనుక, రా ఫైలులో సాధారణంగా ఇంకొంత చోటు మిగిలే ఉంటుంది. పట్టుచీరలకు కూడా ఇది వర్తిస్తుంది, నిశ్చితార్థంలో ఎర్రంచు చీరలను తీసేటప్పుడు మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను విడివిడిగా చూడండి.

ఇంతా చెప్పి, జేపెగ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రా ఫైళ్లను కంప్యూటరులో తెరిచిన మొదటి రోజు అవి చప్పగా కనిపించి చాలామంది నిరాశపడతారు, కెమెరా చేసిపెట్టే పని అక్కడ జరగలేదు కాబట్టి. కూర్చుని ఆ పని చేసే ఓపిక, తీరిక లేనివారికి జేపెగ్ ఫోటోలే మెరుగ్గా ఉంటాయని నిజాయితీగా చెబుతున్నాను. మా అబ్బాయి బడి ఆటల పోటీలను నేను జేపెగ్‌లోనే తీస్తాను. పరుగు పందెంలో రా పెడితే నా కెమెరా 20 ఫ్రేములు దాటగానే బఫర్ (కార్డులోకి వెళ్లేముందు ఫోటోలు ఆగే మెమరీ) నిండి నెమ్మదిస్తుంది, అక్కడ ఎండ మారదు, ఫోటోలు ఆ సాయంత్రమే తల్లిదండ్రులకు అందాలి. మీ ప్రశ్నలో జేపెగ్‌ను కుదించిన ఫైలు అని, రా ఫైలును కుదించనిది అని విడదీశారు. అది పూర్తిగా సరికాదు. చాలా కెమెరాలు రా ఫైళ్లను కూడా కుదిస్తాయి, నష్టం లేకుండా కుదించే ఎంపిక మెనూలో ఉంటే నిశ్చింతగా అదే పెట్టుకోండి.

కార్డు లెక్క చెబుతాను. నా 24 మెగాపిక్సెల్ కెమెరాలో నష్టం లేకుండా కుదించిన రా ఫైలు సుమారు 28 ఎంబీ, నాణ్యమైన జేపెగ్ సుమారు 10 ఎంబీ ఉంటాయి. రెండూ కలిపి తీస్తే 64 జీబీలో 1,600 ఫోటోలకు పైగా పడతాయి, నిశ్చితార్థానికి అవి చాలు. అయినా కార్డు పాడయ్యే ప్రమాదానికి మరొకటి కొనండి. జేపెగ్‌లు ఆ రాత్రే బంధువులకు పంపడానికి పనికొస్తాయి. ఇంకో అవసరం కూడా ఉంది: నేను కెమెరా మార్చిన కొత్తలో నా పాత సాఫ్ట్‌వేర్ కొత్త రా ఫైళ్లను తెరవలేదు, ప్రతి కంపెనీ రా వేరు కదా. ఆ వారం జేపెగ్‌లే ఆదుకున్నాయి. మీ కెమెరా ఫైళ్లను తెరవగల సాఫ్ట్‌వేర్‌ను ముందే చూసిపెట్టుకోండి. డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితంగానే దొరుకుతాయి.

వేదిక మీద ఊదారంగు ఎల్‌ఈడీ దీపాలు పెడతారేమో కనుక్కోండి. ఒకే రంగు దీపం కింద మిగతా రంగుల వెలుగే ఉండదు, లేని వెలుగును రా ఫైలు కూడా తేలేదు. ఉంగరాలు మార్చుకునే ఆ కాసేపైనా తెల్లని దీపాలు వేయమని మండపం వారిని ముందుగా అడగండి. వీలైతే ముందురోజు సాయంత్రం అక్కడికి వెళ్లి, ఎవరినైనా తెల్లచొక్కాతో వేదిక మీద నిలబెట్టి, అవే దీపాల కింద రెండు రకాల ఫైళ్లూ తీసుకుని, ఇంట్లో పక్కపక్కన తెరిచి చూడండి.